లక్ష్మీనరసయ్య ఉప్పునీళ్ల తొట్టి

నరసరావుపేట వినుకొండ రోడ్డులో ఎరువుల కొట్టున్న లక్ష్మీనరసయ్యకు సముద్రంతో ఏ సంబంధమూ లేదు. పుట్టింది శావల్యాపురంలో, చదువూ వ్యాపారమూ పేటలో. సముద్రం చూడాలంటే బాపట్ల దాకా పోవాలి. పెళ్లయిన కొత్తలో ఒకసారి పోయాడు, అదీ మోకాలి లోతు దాటి దిగలేదు. చేప వండే ఇల్లు కాదు వాళ్లది. అలాంటి మనిషి యాభై దాటాక చెన్నైలో ఒక పెళ్లికి వెళ్లి, ఆడపెళ్లివారి హాల్లో ఉన్న పెద్ద గాజు తొట్టి ముందు నిలబడిపోయాడు. భోజనాలకు పిలిచినా కదల్లేదు. తొట్టిలో ఉప్పునీళ్లు, నీళ్లలో రాళ్లు, రాళ్ల మీద ఊదారంగువీ ఆకుపచ్చవీ ఏవో విచ్చుకుని మెల్లగా ఊగుతున్నాయి. వాటి మధ్య రెండు నారింజరంగు చేపలు.

"ఇయ్యి పూలు కాదంట రత్నం. కోరల్స్ అంట. ప్రాణం ఉంటదంట వీటికి," అన్నాడు భార్య సుబ్బరత్నంతో, ఆఖరు పంక్తిలో వచ్చి కూర్చుని.

"ఉంటే ఉండనీండి, ముందు తినండి," అందామె.

ఏడాది తిరగకుండానే కొట్టు పైన ఉన్న వాళ్ల ఇంటి హాల్లో మంచమంత పొడుగు తొట్టి వెలిసింది. రోళ్లు పగిలే ఎండలు కాసే ఊళ్లో సముద్రాన్ని పెట్టుకుంటానంటే నవ్వని వాళ్లు లేరు. ఆయన పట్టించుకోలేదు. ఇంగ్లీషు అంతంతమాత్రం వచ్చినా ఫోన్లో వీడియోలు ఆపి ఆపి చూశాడు. అర్థంకాని మాట కొడుకు సుమన్‌ని అడిగాడు. నీళ్లు చల్లబరిచే మిషను, నురగతో మురికి లాగే మిషను, కరెంటు పోతే అందుకునే ఇన్వర్టరు ఒక్కొక్కటీ అమర్చుకున్నాడు. మొదట్లో బతికినవాటికన్నా చచ్చినవే ఎక్కువ. తర్వాత తర్వాత నిలదొక్కుకున్నాయి, చెన్నైలో చూసినలాంటి రెండు నారింజరంగు చేపలతో సహా. చెన్నై నుంచి అరచెయ్యంత వచ్చిన, తోలులా మందంగా ఉండే తోలు కోరల్ ఒకటి ఏళ్ల మీద విస్తరాకంత అయింది. కొట్టుకొచ్చిన రైతులు పని చూసుకుని, ఒకసారి పైకెక్కి తొట్టి చూసి పోయేవారు.

ఆయనకు ఆ విద్య పట్టుబడింది వ్యాపారం వల్లనేనని సుబ్బరత్నం అంటుంది. కొలత తప్పని మనిషి. పత్తికీ మిర్చికీ అడగడానికి వచ్చినవాళ్లతో, "ఎక్కువేస్తే ఎక్కువ పండుద్దనుకోమాకండయ్యా, చెట్టుకెంత కావాల్నో అంతే," అని బస్తా తగ్గించి పంపేవాడు. తొట్టి దగ్గరా అదే పద్ధతి. పొద్దున స్నానం చేసి రాగానే చేపలకు మేత, రెండు వేళ్ల మధ్య పట్టినన్ని గుళికలు. మళ్లీ మర్నాడే.

వారానికోసారి నీళ్లు పరీక్ష చేసేవాడు. అన్నిటికన్నా జాగ్రత్తగా చూసేది ఫాస్ఫేట్. జీవితమంతా డీఏపీ బస్తాల్లో ఆయన అమ్మింది అదే. పొలంలో వేరుకు బలమిచ్చే ఆ ఫాస్ఫేటే తొట్టిలో కాస్త ఎక్కువైతే రాళ్ల మీద పచ్చనాచు దారాలు దారాలుగా లేస్తుంది. కోరల్స్ ముడుచుకుపోతాయి, రంగు కోల్పోతాయి. చేపల మేతలోంచీ, అవి విడిచే మలంలోంచీ అది నీళ్లలోకి వస్తూనే ఉంటుంది, దాన్ని తీసేస్తూనే ఉండాలి. చిన్న గాజు సీసాలో తొట్టి నీళ్లు పోసి, పొడి కలిపి ఊపితే, ఫాస్ఫేట్ ఉన్న కొద్దీ నీళ్లు నీలమవుతాయి. ఆ సీసాను మీటర్లో పెడితే అంకె చూపిస్తుంది. అంకె చిన్నది, ఆయనకు చూపు ఆనదు, సుబ్బరత్నం చేత చదివించుకునేవాడు. మొదట్లో ఆమె విసుక్కునేది. పోను పోను ఆమెకూ అలవాటైంది. ఏళ్ల తరబడి ఆ సీసాలో నీలం ఉందా లేదా అని అనుమానం వచ్చేంత లేతగానే ఉండేది.

కిందటేడు మిర్చి కోతలప్పుడు మొదటిసారి అది స్పష్టంగా కనపడింది.

"ఇంకోసారి చదువు," అన్నాడు.

ఆమె చదివింది. సీసా కడిగి, కొత్త నీళ్లు పోసి, మళ్లీ చేశాడు. అదే అంకె.

"నీళ్లల్లోనే ఏదో తేడా కొడతంది," అని యాకూబ్‌కు ఫోన్ చేశాడు.

యాకూబ్ వెనక వీధిలో మంచినీళ్ల ప్లాంటు నడుపుతాడు, ఇళ్లల్లో ఫిల్టర్లు బాగుచేస్తాడు. ఆ పక్క బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, ఫ్లోరైడ్ కూడా ఉంటుంది. వడకట్టకుండా ఎవరూ తాగరు. తొట్టి కోసం వేరే ఫిల్టరు బిగించింది యాకూబే. మొదటి రోజు నుంచీ ఆ ఇంట్లో సొంత మనిషిలా తిరిగేవాడు. లక్ష్మీనరసయ్యను బాబాయ్ అనీ, సుబ్బరత్నాన్ని పిన్నీ అనీ పిలిచేవాడు. వచ్చి చూశాడు. ఫిల్టరు లోపలి పొర పాతబడింది, మార్చాడు. చివర ఉండే రెసిన్ గొట్టమూ మార్చాడు. నీళ్లలో మీటరు ముంచి చూపించాడు.

"జీరో బాబాయ్. ఇంతకంటే శుభ్రమైన నీళ్లు మన జిల్లాలో దొరకవు."

ఆ నీళ్లలో ఉప్పు కలిపి తొట్టిలో సగం నీళ్లు మార్చారు. తర్వాతి వారం సీసాలో నీలం ఇంకాస్త ముదిరింది.

లక్ష్మీనరసయ్య కంగారుపడలేదు. పొలంలో చీడ ఎక్కడ మొదలైందో వెతికే పద్ధతిలోనే వెతికాడు. ఫిల్టరు నీళ్లు విడిగా పరీక్ష చేశాడు, నీలం లేదు. అందులో సముద్రపు ఉప్పు కలిపి చేశాడు, లేదు. వడపోతలో వాడే బొగ్గును ఒక గిన్నెలో నానబెట్టి ఆ నీళ్లూ చూశాడు, లేదు.

"నీళ్లల్లో లేదు, ఉప్పులో లేదు, బొగ్గులో లేదు. మరి ఏడనుంచి వస్తందే ఇది?" అన్నాడు భార్యతో.

ఆయన కళ్లు కింది కొట్టు మీద పడ్డాయి. అక్కడ నేల నుంచి కప్పు దాకా డీఏపీ బస్తాలు. దించేటప్పుడూ ఎత్తేటప్పుడూ దుమ్ము లేస్తుంది. ఆ దుమ్మే మెట్లమీదుగా పైకి వస్తోందని తీర్మానించాడు. సరుకంతా మార్కెట్‌యార్డు దగ్గరి గోడౌనుకు మార్చమన్నాడు.

"నాన్నా, కొట్టులో సరుకు లేకుండా బేరం ఎట్టా చెయ్యను? ఆ దుమ్ము ఇంత ఎత్తు ఎగిరొచ్చి మూత పెట్టిన తొట్టిలో పడుద్దా?" అన్నాడు సుమన్.

"పడుద్దో లేదో చూద్దాం. ముందు మార్చరా."

మార్చాడు. సీజన్లో మనుషుల్ని పెట్టి మార్చాడు. అయినా నీలం తగ్గలేదు. రాళ్ల మీద పచ్చనాచు లేచింది. ఆయన చేతులకు గ్లవుసులు తొడుక్కుని, దువ్వెనతో చిక్కు తీసినట్టు దాన్ని పీకేవాడు. మూడో రోజుకు మళ్లీ లేచేది. ఫాస్ఫేట్‌ను పట్టేసే తుప్పురంగు గుళికలు తెప్పించి గొట్టంలో వేశాడు. అంకె రెండు రోజులు దిగింది, మళ్లీ ఎక్కింది. "రాళ్లు పీల్చుకున్నదంతా ఇప్పుడు బయటికి వదుల్తన్నయ్యి," అన్నాడు. అది నిజమే. అట్లా కూడా జరుగుతుంది. కానీ రాళ్లు పీల్చుకున్నది మొదట ఎక్కడి నుంచి వచ్చిందన్నది తేలలేదు.

తోలు కోరల్ ముడుచుకుంది. వారం గడిచినా విచ్చుకోలేదు. దాని అంచులు మెత్తబడి, కుళ్లి, పీలికలుగా ఊడి నీళ్లలో తేలాయి. లక్ష్మీనరసయ్య వాటిని చిన్న వలతో ఏరి, పారెయ్యడానికి మనసొప్పక బకెట్లో ఉంచుకుని కూర్చున్నాడు. సుబ్బరత్నమే తీసుకెళ్లి పారబోసి వచ్చింది.

ఆ రోజుల్లో ఆయనలో వచ్చిన మార్పులు ఇంట్లో అందరికీ కనపడుతూనే ఉన్నాయి. నీళ్ల డ్రమ్ము కింద కొళాయి తిప్పి మరిచిపోతే ఉప్పునీళ్లు మెట్ల మీదుగా కొట్టులోకి పారాయి. కాఫీ తాగి పావుగంటకు కాఫీ అడిగేవాడు. కోడలు దీపశ్రీని ఒకసారి తన చెల్లెలి పేరుతో పిలిచాడు. తొట్టి దిగులు మనిషిని ఇట్లా చేస్తోందని సుబ్బరత్నం అనుకుంది. దాన్ని తిరగేసి ఆలోచించాలని ఆమెకు తోచలేదు.

అనుమానం ఇంటి మనుషుల మీదికి మళ్లింది. దీపశ్రీ హాలు తుడిచే నీళ్లలో సబ్బు కలుపుతోందన్నాడు. అగరొత్తులు ఆర్పించాడు. ఒకరోజు ఆమె బియ్యం కడుగుతుంటే వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆ కడుగు తొట్టిలో పోస్తన్నావా?"

"నేనెందుకు పోస్తాను మావయ్యగారూ?"

"మరి ఎవరు పోస్తన్నారమ్మా? గాలిలోంచి పుడతందా?"

దీపశ్రీ బియ్యం పొయ్యి మీద పెట్టి గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. అన్నేళ్లలో ఆయన ఆమెను ఒక్క మాట అని ఎరగడు.

ఆఖరికి యాకూబ్ వంతు వచ్చింది. ఫిల్టరు చూడడానికి వచ్చి స్కూటరు దిగుతున్నవాణ్ణి కొట్టు ముందే నిలేశాడు.

"పాత పొర తుడిచి కొత్తదని బిగించావు గదరా? ఎంత నమ్మాను నిన్ను!"

రోడ్డు మీద మనుషులు ఆగారు. కొట్టులో ఉన్న రైతులు బయటికి తొంగిచూశారు. యాకూబ్ మొహం నల్లబడింది.

"బాబాయ్, సీలు మీరే చింపారు. మీ ఎదురుగానే బిగించా."

"నేను చింపానా? అబద్ధాలాడమాకు! దొంగతనం చేసి మళ్లీ అబద్ధాలు!"

యాకూబ్ సుమన్ వైపు చూశాడు. సుమన్ తల దించుకున్నాడు. "సరే బాబాయ్," అని మాత్రం అని స్కూటరు తిప్పుకుని పోయాడు. మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు.

అప్పటికి తొట్టిలో సగం రాళ్లు ఉత్త నాచుగుట్టలు. ఊదారంగు కోరల్స్ గోధుమరంగుకు తిరిగి, ఆ తర్వాత తెల్లబడిపోయాయి. పొద్దున లైటు వెలగగానే ఏది విచ్చుకుంది, ఏది విచ్చుకోలేదు అని సుబ్బరత్నం ముందే చూసుకునేది, ఆయన కంట పడకముందే చచ్చినవాటిని తీసెయ్యాలని.

ఒకరోజు ఆయన మేత డబ్బా చేతిలో ఎగరేసి చూశాడు.

"తేలిగ్గా ఉందే! మొన్ననేగా తెప్పించింది. రత్నం, ఎవరో మేత వేస్తన్నారు. నాకు తెలీకుండా ఎవరో వేస్తన్నారు. ఫాస్ఫేట్ వస్తంది అందులోంచే!" ఆయన కళ్లు మెరిశాయి. ఇన్ని నెలల తర్వాత దారి దొరికింది. దారి సరైనదే. "సుమన్‌తో చెప్పి కెమెరా పెట్టిస్తా. ఎవరో తేలిపోద్ది."

కొట్టులో కెమెరాలు ఉన్నవే. సుమన్ ఇంకొకటి తెచ్చి హాల్లో తొట్టికి ఎదురుగా బిగించాడు. మర్నాడు గడిచింది. ఆ మరుసటి రోజు మధ్యాహ్నం, భోజనాల వేళ కొట్టులో జనం పలచబడ్డాక లక్ష్మీనరసయ్య కిందికి దిగి టీవీ ముందు కుర్చీ వేసుకున్నాడు. సుబ్బరత్నం మజ్జిగ గ్లాసు తీసుకుని వెనకాలే వచ్చింది. సుమన్ ముందుగా చూసుకోలేదు. చూసి ఉంటే పెట్టేవాడు కాదు.

తెర మీద హాలు కనపడింది. తడి జుట్టుతో, భుజాన తువ్వాలుతో లక్ష్మీనరసయ్య వచ్చాడు. డబ్బా తెరిచి, రెండు వేళ్ల మధ్య పట్టినన్ని గుళికలు తీసి, తొట్టిలో వేసి మూత పెట్టాడు.

"అది నా రోజువారీ మేత," అన్నాడు లక్ష్మీనరసయ్య. "ముందుకు పోనీ."

సుమన్ ముందుకు జరిపాడు. తెర మీద లక్ష్మీనరసయ్య కాఫీ గ్లాసుతో వచ్చాడు. మనిషిని చూడగానే చేపలు గాజు దగ్గరికి చేరాయి. ఆయన వంగి వాటితో ఏదో అన్నాడు. గ్లాసు పక్కన పెట్టి డబ్బా తెరిచాడు. మేత వేశాడు. పేపరు చదివాడు, లేచాడు, తొట్టి దగ్గరికి వచ్చాడు. చేపలు మళ్లీ గాజు దగ్గరికి చేరాయి. ఆయన మొహంలో జాలి. మళ్లీ డబ్బా తెరిచాడు.

సుమన్ చెయ్యి ఆగింది.

"వేరే వేరే రోజులయ్యి కలిపి చూపిస్తన్నావేందిరా?" అన్నాడు తండ్రి.

"ఒకే రోజు నాన్నా. నిన్ననే."

"నిన్న నేను ఒక్కసారే వేశా."

తెర మీద చొక్కా అదే. కిటికీలోంచి పడే ఎండ మాత్రం గోడ మీద జరుగుతోంది. సుమన్ ఆపబోయాడు.

"ఆపమాకు," అన్నాడు లక్ష్మీనరసయ్య. "పోనీ."

చివరిదాకా చూశాడు. సాయంత్రం లైట్లు వేసే దాకా ఆ మనిషి వస్తూనే ఉన్నాడు, వేస్తూనే ఉన్నాడు. ప్రతిసారీ అదే కొలత, రెండు వేళ్ల మధ్య పట్టినంత. ఒక్క గుళిక ఎక్కువ లేదు.

లక్ష్మీనరసయ్య తన కుడిచేతి వేళ్ల వంక చూసుకున్నాడు.

"నా చేత్తో నేనే చంపుకున్నా గదరా," అన్నాడు. "యాకూబ్‌ని పిలవండి. వాణ్ణి నడిరోడ్డు మీద దొంగ అన్నా. ఆ పిల్లని అనరాని మాటన్నా." అంటూనే మొహం తువ్వాలులో దాచుకుని ఏడ్చాడు. ఆయన ఏడవడం సుమన్ అదే మొదలు చూడడం.

మర్నాడు పొద్దున ఆయన హుషారుగా కొట్టులోకి దిగాడు.

"ఏరా, కెమెరా పెట్టావుగా? దొరికాడా దొంగ?"

సుమన్ మెట్ల మీద నిలబడ్డ తల్లి వైపు చూశాడు. ఏం చెప్పాలో అతనికి తెలియలేదు. "తర్వాత చూద్దాంలే నాన్నా," అన్నాడు. ఆయన వినలేదు. "ఎవరినో కాపాడతన్నావు నువ్వు," అని కేకలేశాడు. చివరికి సుమన్ మళ్లీ చూపించాడు. ఆయన మళ్లీ వేరే వేరే రోజులన్నాడు, మళ్లీ చివరిదాకా చూశాడు, మళ్లీ తన వేళ్ల వంక చూసుకున్నాడు. ముందురోజు అన్న మాటలే అని, ముందురోజు లాగే ఏడ్చాడు.

మూడోరోజు ఆయన కింది మెట్టు దిగకముందే సుబ్బరత్నం అడ్డం వచ్చింది.

"కెమెరా ఎందుకండీ, నేనే వేశా మేత. చేపలు ఆకలిగొన్నయ్యేమోనని వేశా. తెలీక చేశా."

లక్ష్మీనరసయ్య ఆమెను అపనమ్మకంగా చూశాడు. ఆ తర్వాత ఇంటి కప్పు ఎగిరిపోయేలా అరిచాడు. "ఇన్నేళ్లు నా పక్కన నిలబడి అంకెలు చదివావు, నీకీపాటి తెలీదా? ప్రాణాలు గదే అవి!" ఆమె తల వంచుకుని నిలబడింది. అరిచి అరిచి ఆయన శాంతించాడు. కారణం దొరికిన తేట ఆయన మొహంలోకి వచ్చింది. "పోన్లే, ఇంకెప్పుడూ వెయ్యమాకు. నెలకి సర్దుకుంటది," అని కుర్చీలో కూర్చుని, నిశ్చింతగా కళ్లు మూసుకున్నాడు.

"చెయ్యని పనికి మీరెందుకు మాట పడతారు అత్తయ్యా?" అంది దీపశ్రీ వంటింట్లో, కళ్లు తుడుచుకుంటూ.

"నన్ను తిట్టి మర్చిపోతారమ్మా. ఆ కెమెరాలోది చూస్తే మాత్రం మర్చిపోయిందాకా ఏడుస్తారు. నేను చూళ్లేను."

గుంటూరులో నరాల డాక్టరుకు చూపించారు. డాక్టరు మాటల్లో పెట్టి అడిగిన వాటిలో డీఏపీలో ఏ పాళ్లు ఎంతో, పత్తికి ఏ దశలో ఎంత వెయ్యాలో లక్ష్మీనరసయ్య తడుముకోకుండా చెప్పాడు. ఇది ఏ నెల అంటే చెప్పలేకపోయాడు. పొద్దున ఏం తిన్నారంటే భార్య వైపు చూశాడు. డాక్టరు స్కానింగులు చూసి, సుమన్‌నీ సుబ్బరత్నాన్నీ విడిగా కూర్చోబెట్టుకుని, ఇది తగ్గేది కాదనీ, పెరగడాన్ని మందులతో కొంత నెమ్మది చెయ్యగలమనీ చెప్పాడు. ఎంతకాలం నుంచి ఉందని అడిగాడు. సుబ్బరత్నానికి మిర్చి కోతలప్పటి ఆ నీలం గుర్తొచ్చింది. అంతకుముందు నుంచే ఉండి ఉంటుందన్నాడు డాక్టరు.

తిరుగు ప్రయాణంలో, కారు ఫిరంగిపురం దాటాక, కిటికీలోంచి పొలాలు చూస్తున్న లక్ష్మీనరసయ్య ఉన్నట్టుండి మాట్లాడాడు. గొంతు మామూలుగా, పాత రోజుల్లోలా ఉంది.

"రత్నం, ఆ కెమెరాలో ఉంది నేనే గదా?"

ఆమె ఆయన వైపు తిరిగింది.

"మేత డబ్బా బీరువాలో పెట్టి తాళం వెయ్యి. నేనడిగినా ఇయ్యమాకు. తిట్టినా ఇయ్యమాకు. పొద్దున చిటికెడు నువ్వే వెయ్యి." మళ్లీ కిటికీ వైపు తిరిగి, "నేను చానా తిడతానేమో," అన్నాడు.

"తిట్టండి," అందామె. ఆయన చెయ్యి తన ఒళ్లో పెట్టుకుంది. ఆ తర్వాత ఆయన అంత తేటగా మాట్లాడింది లేదు.

డబ్బా బీరువాలోకి వెళ్లింది. నీళ్లు మార్చడం, గొట్టంలో తుప్పురంగు గుళికలు మార్చడం, నాచు పీకడం అన్నీ సుబ్బరత్నం చేతికొచ్చాయి. పరీక్ష తనే చేసి, అంకె తనే చదువుకునేది. వారం వారం నీలం తగ్గుతూ వచ్చింది. ఒకరోజు సీసాలో నీళ్లు దాదాపు రంగు లేకుండా తేలాయి. మిగిలిన రాళ్లలో ఒకదాని మీద కందిగింజంత కొత్త మొలక ఊదారంగులో కనపడింది. ఆమె పరుగున వెళ్లి ఆయన్ను తీసుకొచ్చి చూపించింది. ఆయన గాజుకు మొహం ఆనించి చూశాడు.

"బాగుంది," అన్నాడు. వెంటనే చేపలు ఎదురొచ్చాయి. "వీటికి మేత వెయ్యలేదా ఎవరూ? డబ్బా ఏదీ?"

"వేశానండీ పొద్దున."

"నేను చూళ్లేదే. డబ్బా ఇటియ్యి."

ఆమె ఇవ్వలేదు. ఆయన అడిగాడు, అరిచాడు, బీరువా తలుపు పట్టుకుని గుంజాడు. "నా ఇంట్లో నాకే తాళాలేందే? నోరులేని జీవాల్ని పస్తులు పెడతావా?" అన్నాడు. తిట్లు ఆమె ఓర్చుకుంది. ఆయన బతిమాలినప్పుడు మాత్రం తట్టుకోలేకపోయేది. "ఒక్క చిటికెడు రత్నం. చూడు ఎట్టా వచ్చి నిలబడ్డయ్యో," అనేవాడు, చంటిపిల్లల కోసం అడుగుతున్నట్టు.

తాళం వేసింది డబ్బాకే. ఇంట్లో ఉన్న తిండంతటికీ తాళం వెయ్యడం ఎవరివల్లా కాదు. మొదట బిస్కెట్ ముక్కలు కనపడ్డాయి నీళ్లలో. తర్వాత ఇడ్లీ తునకలు. తొట్టికి అడ్డంగా బల్ల జరిపితే బల్ల జరిపేసి వేశాడు. మూతకు క్లిప్పులు పెడితే విరగ్గొట్టాడు. దీపశ్రీ, సుబ్బరత్నం వంతులేసుకుని హాల్లో కూర్చునేవాళ్లు. అయినా ఒక మధ్యాహ్నం, సుబ్బరత్నానికి జ్వరంగా ఉండి, దీపశ్రీ డాబా మీద బట్టలు తీసుకురావడానికి వెళ్లిన ఆ కాస్త సేపట్లో, ఆయన ఫ్రిజ్‌లోంచి పాలగిన్నె తీసి తొట్టిలో ఒంపేశాడు.

నీళ్లు తెల్లగా మసకబారాయి. ఉన్న నీళ్లన్నీ మార్చారు, గాలి గొట్టాలు పెట్టారు. తెల్లారేసరికి నారింజరంగు చేపల్లో ఒకటి అడుగున పడి ఉంది. సాయంత్రానికి రెండోది. మిగిలినవి ఆ వారంలోనే పోయాయి. తొట్టిలోంచి కుళ్లు వాసన వీధిదాకా కొట్టింది.

"ఎవరు చేశారే ఈ పని?" అన్నాడు లక్ష్మీనరసయ్య, ఖాళీ నీళ్ల ముందు నిలబడి. ఆయన చెంపల మీద కన్నీళ్లు. "ఎవరికి మనసొప్పిందే?"

"నేనేనండీ," అంది సుబ్బరత్నం.

ఈసారి ఆయన తిట్టలేదు. ఆమెను చాలాసేపు చూసి, "నువ్వు ఇట్టాంటిదానివి కాదే," అన్నాడు. తిట్టినన్ని రోజులూ ఆమె ఏడవలేదు. ఆ మాటకు ఏడ్చింది.

తొట్టి తీసెయ్యడానికి యాకూబ్‌కు ఆమే ఫోన్ చేసింది. ముందుగా జరిగిందంతా చెప్పింది. "నిన్నన్న మాటలకి ఆయన బదులు నేను..." అంటుంటే అవతల నుంచి యాకూబ్ ఆపాడు. "వద్దు పిన్నీ. వస్తన్నా," అన్నాడు.

యాకూబ్ గుమ్మంలోకి రాగానే లక్ష్మీనరసయ్య మొహం విప్పారింది. "ఏరా యాకూబ్, చానా రోజులైంది? మా మీద ఏమన్నా అలిగావా ఏంది?"

యాకూబ్ ఆ మాట కోసం కాదు గానీ, ఏదో ఒక మాట కోసం నెలల తరబడి ఎదురుచూశాడు. "లేదు బాబాయ్, పనుల్లో పడి రాలేదు," అన్నాడు.

నీళ్లు తోడడం మొదలుపెట్టారు. లక్ష్మీనరసయ్య కుర్చీలో ఉండలేక లేచి వచ్చి గొట్టం అందుకున్నాడు. కొస నోట్లో పెట్టి పీల్చి, నీళ్లు అందగానే బొటనవేలు అడ్డం పెట్టి, బకెట్లోకి వదిలాడు. ఒక్క చుక్క నేల మీద పడలేదు. ఆ పని చేస్తున్నంతసేపూ ఏమీ జరగని మనిషిలా ఉన్నాడు. బకెట్లు నిండుతుంటే యాకూబ్, సుమన్ కిందికి మోసి కాలవలో పోశారు. అడుగున రాళ్లు బయటపడ్డాయి, మీద నల్లబడ్డ నాచుతో. కందిగింజంత మొలక వచ్చిన రాయి ఏదో సుబ్బరత్నం కూడా గుర్తుపట్టలేకపోయింది.

"రాళ్లు ఎండ తగలనియ్యమాకు యాకూబ్. తడి గోనె కప్పు. ప్రాణముంటది వాటిల్లో," అన్నాడు లక్ష్మీనరసయ్య.

యాకూబ్ కొట్టులోంచి గోతాలు తెచ్చి, తడిపి, చచ్చిన రాళ్ల మీద ఒక్కొక్కదాని మీదా కప్పి, ఆటోలో ఎక్కించాడు. ఆటో కదిలేదాకా లక్ష్మీనరసయ్య మెట్ల మీద నిలబడి జాగ్రత్తలు చెబుతూనే ఉన్నాడు.

సుబ్బరత్నం హాలు కడిగి, తొట్టి ఉన్న చోట నేల మీద పేరుకున్న ఉప్పు గీకి తీసింది. మర్నాడు ఆయన లేచి ఖాళీ గోడ చూసి అడుగుతాడని ఆమెకు తెలుసు. చెన్నైలో బాగుచేయించడానికి పంపామని చెప్పాలా, చేపల్ని పెద్ద తొట్టిలోకి మార్చామని చెప్పాలా అని ఆలోచించి ఆలోచించి ఒక అబద్ధం సిద్ధం చేసుకుంది. ఆయన నమ్మేలా ఉండాలి, మళ్లీ మళ్లీ అడిగినా మాట తేడా రాకూడదు.

పొద్దున లక్ష్మీనరసయ్య స్నానం చేసి తడి జుట్టుతో హాల్లోకి వచ్చాడు. తొట్టి ఉండే చోటికి నడిచి, అక్కడ కాసేపు నిలబడ్డాడు. ఆమె గుమ్మం దగ్గర నుంచి చూస్తోంది. ఆయన వెనక్కి తిరిగి వచ్చి కుర్చీలో కూర్చుని, కాఫీ అడిగాడు. 

తొట్టి సంగతి ఆ రోజు అడగలేదు, మర్నాడూ అడగలేదు. ఇప్పటిదాకా అడగలేదు.